కారు వెనక నిలబడి చూడండి: ప్యూజో 205 జీటీఐ కొనబోయేవాళ్లతో కాసేపు

(ఫ్రాన్స్‌లోని లియోన్ దగ్గర తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక ఆదివారం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. కిందటి నెలలో మనవాళ్లలో ఇద్దరు నాకు విడివిడిగా ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగారు. "అన్నయ్యా, ఎనభైల నాటి ప్యూజో 205 జీటీఐ అమ్మకానికి వచ్చింది, ఎర్రగా నిగనిగలాడుతోంది, కొనొచ్చా?" అని. 205 అంటే ఫ్రెంచ్ కంపెనీ ప్యూజో చేసిన చిన్న కారు, జీటీఐ దానిలో బలమైన ఇంజిన్ ఉన్న రకం. ఇద్దరూ ఫొటోలు పంపారు. ముందు నుంచి, పక్క నుంచి, స్టీరింగ్ దగ్గర నుంచి, అన్నీ బాగా తీశారు. వెనక చక్రాల ఫొటో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ పంపలేదు. ఇవాళ నేను చెప్పాలనుకున్నదంతా దాదాపు ఆ లేని ఫొటో గురించే.

మా తాతగారు సంతలో ఎడ్లను కొనేటప్పుడు ముందు పళ్లు చూసేవారు, సుడులు చూసేవారు. బేరం మాత్రం అప్పుడే మొదలుపెట్టేవారు కాదు. ఎద్దును నాలుగడుగులు నడిపించమని వెనక నిలబడి చూసేవారు. కాలు ఎక్కడ పడుతోంది, తుంటి ఎటు ఒరుగుతోంది అని. ఈ కారును కూడా సరిగ్గా అలాగే చూడాలి. ఎందుకో వివరంగా చెబుతాను. అంతకంటే ముందు ఈ కారు మీద నాకెందుకింత ఇష్టమో చెప్పాలి.

నా చిన్నప్పుడు రాజమండ్రిలో మా పెదనాన్నగారు ప్యూజో 309 కొన్నారు. మీలో నలభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, 1994 నుంచి కొన్నేళ్లు మన దేశంలో పీఏఎల్-ప్యూజో పేరుతో మహారాష్ట్రలోని కల్యాణ్ దగ్గర తయారైన కారు అది. వీధిలో అన్నీ అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, మారుతీలు. వాటి మధ్య ఆ కారు తలుపు వేస్తే వచ్చే చప్పుడు వేరుగా ఉండేది. నేనూ మా అక్కా ఊరికే తలుపు తీసి వేసి, తీసి వేసి తిట్లు తినేవాళ్లం. చాలా ఏళ్ల తర్వాత ఇక్కడ సోషోలోని ప్యూజో మ్యూజియానికి వెళ్లాను. అయిదు తలుపుల 205 ఒకటి అక్కడ నిలబెట్టి ఉంది. ఆ తలుపు చూడగానే చేతికి గుర్తొచ్చింది. తర్వాత తెలిసింది, 309 తలుపులు 205 నుంచి తీసుకున్నవేనని. 309ని మొదట టాల్బో అనే మరో బ్రాండు పేరుతో అమ్మాలనుకున్నారు, ఖర్చు తగ్గించడానికి 205 భాగాలు వాడారు. అంటే రాజమండ్రి వీధిలో నేను తీసి వేసింది 205 తలుపునే. ఆ రోజే ఈ కారు ఒకటి నా ఇంట్లో ఉండాలి అనుకున్నాను.

205 వచ్చింది 1983లో. అప్పటికి ప్యూజో పరిస్థితి ఏమీ బాగోలేదు. 1976లో సిట్రోయెన్‌ను కలుపుకున్నారు, 1978లో క్రైస్లర్ యూరప్ వ్యాపారాన్ని కొన్నారు, ఆ బరువు మోయలేక నష్టాల్లో ఉన్నారు. ఈ చిన్న కారు వాళ్లను ఒడ్డున పడేసింది. 1998 వరకు యాభై లక్షలకు పైగా అమ్ముడుపోయింది. బయటి రూపం ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా గీసిందని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. ప్యూజో సొంత డిజైన్ విభాగంలో జెరార్ వెల్టేర్ బృందం గీసింది. లోపలి భాగం పోల్ బ్రాక్ చేశారు. పినిన్‌ఫరీనా చేసింది పైకప్పు తెరిచే క్యాబ్రియోలే మాత్రమే. ఒక గీత ఎక్కువా లేదు, ఒక గీత తక్కువా లేదు. నలభై ఏళ్లు దాటినా ఈ రోజు రోడ్డు మీద ఎదురొస్తే పాతదనిపించదు, చిన్నదనిపిస్తుంది అంతే.

1984లో జీటీఐ వచ్చింది. 1580 సీసీ ఇంజిన్ (1.6 అనేది దీన్నే), 105 హార్స్ పవర్, బరువు సుమారు 850 కిలోలు. ఇవాళ్టి చిన్న కార్లు కూడా చాలావరకు వెయ్యి కిలోలు దాటుతాయి కాబట్టి ఆ అంకె విలువ మీకు అర్థమవుతుంది. 1986లో ఆ ఇంజినే 115 అయింది. అదే ఏడాది చివర్లో 1905 సీసీ ఇంజిన్‌తో 130 హార్స్ పవర్ కారు వచ్చింది, 1.9 అనేది దాన్నే. మరోవైపు ర్యాలీల్లో 205 టర్బో 16 పరుగులు పెడుతోంది. జాన్ టాడ్ నడిపించిన జట్టు 1985, 1986 రెండేళ్లూ ప్రపంచ ర్యాలీ టైటిల్ కొట్టింది. మొదటి ఏడాది టిమో సాలోనెన్, రెండో ఏడాది యూహా కంక్కునెన్ డ్రైవర్లుగా గెలిచారు. నిజానికి ఆ ర్యాలీ కారు పూర్తిగా వేరు, ఇంజిన్ మధ్యలో ఉంటుంది, ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. అయినా ముఖం ఒకటే కదా, కుర్రాళ్లు ఆ ముఖం చూసి జీటీఐ కొన్నారు.

కొని ఏం చేశారు? మలుపుల్లో గుద్దేశారు. ఇది విమర్శ కాదు, ఈ కారు స్వభావం అలాంటిది. మలుపులో వేగంగా వెళ్తూ, భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీసేస్తే, బరువంతా ముందు చక్రాల మీదికి పోతుంది. వెనక తేలికై బయటికి జారుతుంది. తెలిసినవాళ్లకు అదే ఆనందం. తెలియనివాళ్లకు పక్కనే ఉన్న చెట్టు. మరికొన్ని దొంగల పాలయ్యాయి, అప్పటి తాళాలు అంత బలహీనం. ఇంకొన్నిటిని కిందికి దించి, రంగులు మార్చి, వెడల్పు చక్రాలు తగిలించి పాడుచేశారు. అందుకే తయారైనవి లెక్కకు మిక్కిలిగా ఉన్నా, ముట్టుకోకుండా మిగిలినవి తక్కువ. పదిహేనేళ్ల క్రితం కొద్ది వేల యూరోలకు దొరికిన కారుకు ఇప్పుడు, కాస్త బాగుంటే చాలు, అయిదంకెల ధర అడుగుతున్నారు. ధర పెరిగిన చోట మేకప్ కూడా పెరుగుతుంది.

ఇక వెనక చక్రాల దగ్గరికి వద్దాం.

205 వెనక భాగంలో అడ్డంగా ఒక లావుపాటి గొట్టం ఉంటుంది. దాని రెండు చివర్లా చక్రాన్ని పట్టుకునే చేతులు, ట్రెయిలింగ్ ఆర్మ్‌లు. నిలువుగా ఉండే స్ప్రింగుల బదులు టార్షన్ బార్లు ఉంటాయి. అంటే మెలిపడి మళ్లీ నిటారయ్యే ఉక్కు కడ్డీలు. షాక్ అబ్జార్బర్లు కూడా దాదాపు పడుకోబెట్టి ఉంటాయి. దానివల్ల డిక్కీలోకి ఏదీ పొడుచుకు రాదు, ఇంత చిన్న కారుకి అంత వెడల్పు డిక్కీ అందుకే. చక్కటి ఆలోచన. అయితే ఆ చేతులు ఆడేచోట సూదుల్లాంటి సన్నటి రోలర్లున్న బేరింగులు ఉంటాయి. సీలు పాతబడి నీళ్లు లోపలికి వెళ్తే గ్రీజు పోతుంది. సూదులు తుప్పుపట్టి పొడిపొడి అవుతాయి. ఆ పొడి ఇరుసును గీరుతుంది. ఇరుసు అరిగాక చెయ్యి ఒరుగుతుంది, చెయ్యితోపాటు చక్రమూ ఒరుగుతుంది.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. కారును చదునైన నేల మీద ఆపించండి. పది అడుగులు వెనక్కి వెళ్లండి. మోకాళ్ల మీద కూర్చుని రెండు వెనక చక్రాలనూ చూడండి. టైరు పైభాగం లోపలికి వాలి, అడుగుభాగం బయటికి తోసుకొచ్చినట్టుంటే ఆ బేరింగులు అయిపోయాయి. అప్పుడు డిక్కీ అంచు మీద రెండు చేతులూ పెట్టి బరువంతా వేసి నొక్కి వదలండి. పాత తలుపులా కిర్రుమందా? లేక మూగగా కిందికి వెళ్లి పైకి వచ్చిందా? కిర్రుమంటే ఇరుసు మొత్తం విప్పి, బాగుచేసినది వేయించాలి. అది జరగని పనేమీ కాదు, ఫ్రాన్స్‌లో చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కాకపోతే ఆ ఖర్చు అమ్మేవాడి ధరలోంచి తగ్గాలి, మీ జేబులోంచి పోకూడదు. వెనక భాగం మరీ కిందికి దిగి ఉంటే ఆ కడ్డీల పళ్లు మార్చి ఎవరో దించారని అర్థం. దాన్ని మళ్లీ సరిచేయొచ్చు. కానీ దించినవాడు ఆ కారును ఎలా నడిపి ఉంటాడో ఊహించుకోండి.

తుప్పు సంగతి. అదే కాలం నాటి మిగతా కార్లతో పోలిస్తే 205 తుప్పును బాగానే తట్టుకుంటుంది. అందుకే చాలామంది ఆ విషయం వదిలేస్తారు. వదలకండి. వెనక పక్క అద్దాల కింద ప్లాస్టిక్ అంచు లోపల, పెట్రోలు పోసే మూత చుట్టూ, సన్‌రూఫ్ ఉంటే దాని చుట్టూ, బ్యాటరీ కింద, తలుపుల కింది పట్టీల్లో చూడండి. ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవి, అవి మార్చినా పెద్ద బాధ లేదు. వెనక భాగం అలా కాదు, అది ఒంట్లో భాగం.

నా మొదటి 205 గురించి ఇక్కడ చెప్పాలి. తొమ్మిదేళ్ల క్రితం, నవంబరు సాయంత్రం, సన్నగా చినుకులు పడుతున్నాయి. తడిసిన ఎరుపు రంగు దీపాల కింద మెరిసిపోతోంది. 1.9 అన్నాడు అమ్మినాయన. వెనక స్తంభం మీద బ్యాడ్జి ఉంది, బంపరు చుట్టూ ఎర్ర గీత ఉంది, 1.9కి వచ్చే స్పీడ్‌లైన్ చక్రాలున్నాయి. ఇంజిన్ ఒక్క తాళం తిప్పుకే అందుకుంది. నేను ఇంక ఏమీ చూడలేదు. రెండు వారాల తర్వాత మా ఊరి మెకానిక్ దాన్ని లిఫ్టు మీద ఎక్కించి నన్ను కిందికి పిలిచాడు. ఒక్క మాట మాట్లాడలేదు. టార్చి వేసి చూపించాడు. డిక్కీ అడుగు రేకు వెనక పలకతో కలిసే చోట ఫ్యాక్టరీ వెల్డింగయితే చిన్న చిన్న గుండ్రటి చుక్కలుగా, ఒకే దూరంలో ఉండాలి. అక్కడ మాత్రం వేలంత లావున సాగిన వెల్డింగు, దాని మీద దళసరిగా పూసిన నల్లటి లప్పం. వెనక నుంచి గట్టిగా గుద్దుకున్న కారు అది. పైన పటారం, లోన లొటారం. తర్వాత ఛాసిస్ నంబర్లు చూస్తే, ఇంజిన్ గదిలో రివెట్లతో బిగించిన ప్లేటు మీద ఒకటి, బాడీ మీద చెక్కినది ఇంకొకటి. మామూలు 205 బాడీకి జీటీఐ సామానంతా ఎక్కించారన్నమాట.

డబ్బు వెనక్కి వచ్చింది. కొన్ని నెలలు పట్టింది, రిజిస్టర్డ్ ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. ఫ్రెంచ్ చట్టంలో దాచిన లోపానికి అమ్మినవాడు బాధ్యుడు. లోపం బయటపడిన రోజు నుంచి రెండేళ్లలోపు మనం అడగాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కానీ ఆ కొన్ని నెలలు మా ఇంట్లో ఎలా గడిచాయో నాకు తెలుసు. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

అందుకే చెబుతున్నాను, వానలో కొనకండి, చీకట్లో కొనకండి. వెంట తీసుకెళ్లవలసినవి ఒక టార్చి, పాత తువ్వాలు, గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం. అయస్కాంతం అంటుకోని చోట ఇనుము మీద లప్పం ఉంది. తువ్వాలు పరిచి దాని మీద పడుకుని కింద చూడటానికి సిగ్గుపడకండి. డిక్కీ కార్పెట్ ఎత్తండి. స్టెప్నీ డిక్కీలో ఉండదు, కింద ఊయలలాంటి ఊచలో వేలాడుతుంది, దాన్ని దించి చూడండి. అది దించనివ్వని అమ్మకందారు దగ్గర నుంచి వెంటనే వచ్చేయండి.

ఛాసిస్ నంబరు మూడు చోట్ల కలవాలి. బాడీ మీద, ప్లేటు మీద, కార్త్ గ్రీజ్ (ఇక్కడి రిజిస్ట్రేషన్ పత్రం) మీద. కార్త్ గ్రీజ్‌లో E అనే అక్షరం ఉన్న గడిలో చూడండి, ప్యూజో అయితే వీఎఫ్3తో మొదలవుతుంది. B అక్షరం దగ్గర మొదటి రిజిస్ట్రేషన్ తేదీ ఉంటుంది. ఆ తేదీకి కారు లోపలి భాగాలు సరిపోవాలి. 1987 మధ్యలో డ్యాష్‌బోర్డు మారింది. కొంతకాలానికి గేర్‌బాక్సు కూడా మారింది. పాతదానిలో రివర్స్ గేరు ఒకటో గేరుకు ఎడమవైపు పైన ఉంటుంది, కొత్తదానిలో అయిదో గేరు కింద. 1985 కారు అని చెబుతూ రివర్స్ అయిదు కింద పడిందంటే, గేర్‌బాక్సు ఎప్పుడో మార్చారన్నమాట. అది తప్పు కాదు, కానీ ఎందుకు మార్చారో ఆ కాగితం అడగండి.

(సభలో ఒకరు: "ఇంజిన్ గురించి ఏమీ చెప్పలేదే?")

ఇంజిన్ గురించి తక్కువ చెప్పడానికి కారణం ఉందండీ. అది గట్టిది. అల్యూమినియం బ్లాకు, తడి లైనర్లు (చుట్టూ నీళ్లు తగిలే సిలిండరు గొట్టాలు), బాష్ ఇంజెక్షన్. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే, మార్చలేదనే అనుకుని కొన్న వారంలోనే మార్పించండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికి అప్పటికే వేడెక్కించి పెడితే ఇంకోరోజు వస్తామనండి. వేడెక్కాక ఆపి, పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయండి. ఐడిలింగ్‌లో ఎత్తుపల్లాలుంటే ఎక్కువసార్లు అది గాలి కొలిచే మీటరో, గాలి లీకయ్యే గొట్టమో అయి ఉంటుంది. గేరు లివరు గంటెలా ఊగితే కింద చిన్న చిన్న బాల్ జాయింట్లు అరిగాయి, అవి చవక. పెట్రోలు మాత్రం 98 ఆక్టేన్ రకం వేయండి. 95-ఈ10లో ఇథనాల్ పది శాతం దాకా ఉంటుంది, పాత రబ్బరు గొట్టాలకు అది మంచిది కాదు.

ఇంజిన్ కంటే సీట్లకే ఎక్కువ భయపడండి. డోరువైపు సీటు అంచు చిరిగిపోవడం ఈ కారుకి మామూలే. ఆ రోజుల నాటి అసలు గుడ్డ దొరకడం కష్టం. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది. పిస్టన్ దొరుకుతుంది కానీ పగలని ప్లాస్టిక్ దొరకదు. ప్యూజో వారసత్వ సంస్థ ల'అవెంచర్ ప్యూజో కొన్ని భాగాలను మళ్లీ తయారు చేయిస్తోంది, పాత కార్లకు ధ్రువపత్రాలు కూడా ఇస్తుంది. అయినా అన్నీ దొరకవు. కాబట్టి పెయింటు వెలిసినా సరే, లోపల చెక్కుచెదరని కారు కొనండి.

1.6 మేలా, 1.9 మేలా? దీని మీద మనుషులు గంటలు గంటలు వాదించుకుంటారు. 1.9కి వెనక కూడా డిస్కు బ్రేకులు, 15 అంగుళాల చక్రాలు, కింది నుంచే లాగే బలం. 1.6కి వెనక డ్రమ్ములు, 14 అంగుళాలు, కానీ ఇంజిన్ పైకి పాడుతూ వెళ్తుంది, ముందు భాగం ఇంకా చురుగ్గా తిరుగుతుంది. నా మనసు 1.6 వైపే. ధర కూడా కాస్త తక్కువ. ఇంకా తేలికైనది కావాలనుకుంటే 1988లో వచ్చిన రాలీ అనే రకం 205 ఉంది. 1294 సీసీ, రెండు వెబర్ కార్బురేటర్లు, 103 హార్స్ పవర్, ఎనిమిది వందల కిలోల లోపు బరువు, తెల్లటి ఇనుప చక్రాలు. లోపల చప్పుడు ఆపే పొరలు కూడా తీసేశారు. దానికి నకిలీలు జీటీఐ కంటే ఎక్కువని నా అభిప్రాయం, ఎందుకంటే తెల్ల రంగు వేయడం సులువు. 1990 నాటి ఆకుపచ్చ గ్రిఫ్ అనే రకం జీటీఐ కూడా అందమైనదే. చివరి ఏళ్లలో పొగను శుభ్రపరిచే క్యాటలిస్టు వచ్చాక 1.9 బలం 122కి తగ్గింది. వాటిని ఎవరూ పట్టించుకోరు. రోజూ నడపాలనుకునేవాళ్లకు నేనైతే వాటినే చూపిస్తాను.

నా రెండో కారు, ఇప్పుడు బయట నిలబెట్టిన ఈ బూడిదరంగు 1.6, ఫ్రాంష్-కోంతేలో ఒక పల్లెటూళ్లో రిటైరైన బడిపంతులు గారి దగ్గర కొన్నాను. పైకప్పు మీద రంగు వెలిసింది, ఎడమ తలుపు మీద సైకిలు హ్యాండిలు గీత ఉంది. ఆయన కారు చూపించే ముందు నన్ను వంటగదిలో కూర్చోబెట్టి బల్ల మీద ఒక ఫైలు పెట్టారు. 1986 నుంచి బిల్లులన్నీ, తేదీల వరసలో. అందులో ఒకటి వెనక ఇరుసు బాగుచేయించిన బిల్లు. నాకు ఇంక కారు చూడక్కర్లేదనిపించింది. అయినా తువ్వాలు పరిచి కింద పడుకునే చూశాను. ఆయన నవ్వలేదు, పక్కన నిలబడి టార్చి పట్టుకున్నారు.

కాగితాల గురించి క్లుప్తంగా. నాలుగేళ్లు దాటిన కారు అమ్మేటప్పుడు ఆరు నెలల లోపు చేయించిన కంట్రోల్ టెక్నిక్ (తప్పనిసరి వాహన తనిఖీ) కాగితం అమ్మేవాడు ఇవ్వాలి. కారు మీద అప్పు, జప్తు లేదని చెప్పే కాగితం పదిహేను రోజుల లోపుది కావాలి. ఇస్తోవెక్ అని ప్రభుత్వ సైటు ఉంది, దానిలో కారు చరిత్ర పంపమని యజమానిని అడగండి, అది ఉచితం. ముప్ఫై ఏళ్లు దాటి, అసలు రూపం మారని కారుకు కలెక్షన్ కార్త్ గ్రీజ్, అంటే పాతకాలపు కారుగా రిజిస్ట్రేషన్, తీసుకోవచ్చు. దానికి ముందు పాత వాహనాల సమాఖ్య ఎఫ్ఎఫ్వీఈ నుంచి పత్రం తెచ్చుకోవాలి. అప్పుడు కంట్రోల్ టెక్నిక్ రెండేళ్లకోసారి కాకుండా అయిదేళ్లకోసారి. "అసలు రూపం మారని" అన్న ఆ మాట గమనించండి. వెడల్పు చక్రాలు, వేరే ఇంజిన్ అక్కడే అడ్డం తిరుగుతాయి.

(ఇంకొకరు: "రెనో 5 జీటీ టర్బో సంగతి? ఇండియాకి తీసుకెళ్లొచ్చా?")

రెనో 5 జీటీ టర్బోది కూడా మొదట్లో 115 హార్స్ పవరే, కాకపోతే చిన్న ఇంజిన్ మీద టర్బో. సరదా కారు. ట్రాఫిక్‌లో దాని బానెట్ కింద వేడి చూస్తే నాకు జాలేస్తుంది. ఇష్టమైతే కొనండి, నా దగ్గర దాని అనుభవం లేదు కాబట్టి ఇంతకంటే చెప్పను. ఇండియాకి మాత్రం కుదరదండీ. వాడిన కారు దిగుమతికి మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. పురాతన కార్లకు ఇచ్చే మినహాయింపులోకి ఎనభైల కారు రాదు. మా పెదనాన్నగారికి దీన్ని వీడియోలోనే చూపించాను. తలుపు వేసి చప్పుడు వినిపించమన్నారు. మూడు తలుపుల కారు కాబట్టి అది పొడుగు తలుపు, చప్పుడు కొంచెం వేరు. ఆయన పట్టేశారు, "ఇది మనది కాదురా" అన్నారు.

సరే, వాన ఆగింది. కారు బయటే ఉంది, పిల్లలందరూ రావచ్చు. బానెట్ నేను తెరుస్తాను. పెద్దవాళ్లు మాత్రం ముందు వైపుకి రాకండి. అందరం వెనక్కి వెళ్లి, పది అడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని ముందు ఆ రెండు చక్రాలూ చూద్దాం. తువ్వాలు నేను తెచ్చాను.